పిల్లి కూనకు వైరస్, బ్యాక్టీరియా రెండూ సోకితే: గుర్తించే పద్ధతి, చికిత్స వరుస

"వారం రోజులుగా యాంటీబయాటిక్ వేస్తున్నాం, ముక్కు నయమైంది కానీ కన్ను తెరవడం లేదు." "తగ్గాయనుకున్న తుమ్ములు మళ్లీ మొదలయ్యాయి, ఈసారి చీమిడి పచ్చగా ఉంది." "మందు మొదలుపెట్టాక తిండే మానేసింది." పిల్లి కూనల గురించి పాఠకులు అడిగే ప్రశ్నలు ఎక్కువగా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతున్నాయి. చాలాసార్లు కూన ఒంట్లో రెండు జబ్బులు ఉంటాయి, మందు ఒకదానికే పడుతుంది. కొన్నిసార్లు మందు సరైనదే అయినా, దానికంటే ముందు జరగాల్సిన పనులు జరిగి ఉండవు.

పాలు తాగే వయసు నుంచి నాలుగైదు నెలల వరకు ఉన్న కూనలకు ఈ మార్గదర్శి పనికొస్తుంది. జబ్బును నిర్ధారించడం, మందు రాయడం పశువైద్యుల పని. వారి దగ్గరకు చేరేలోపు ఏం చేయాలి, అక్కడ ఏం చెప్పాలి, ఏం అడగాలి, ఇంటికి వచ్చాక ఏ వరుసలో సేవ చేయాలి అన్నవి మన పనులు. అవే ఇక్కడ చెబుతున్నాను.

1. రెండూ ఎందుకు కలిసి వస్తాయి

కూనలకు వచ్చే పడిశానికి ఎక్కువగా కారణమయ్యేవి రెండు: హెర్పిస్ వైరస్, కాలిసి వైరస్. ఇవి ముక్కు, గొంతు, కళ్ల లోపలి పొరను దెబ్బతీస్తాయి. మామూలుగా అక్కడ అపకారం చేయకుండా ఉండే పాశ్చురెల్లా, స్ట్రెప్టోకాకస్, స్టెఫైలోకాకస్ వంటి బ్యాక్టీరియా ఆ పచ్చిపుండు దొరకగానే లోపలికి దిగుతాయి.

బోర్డెటెల్లా, క్లమిడియా, మైకోప్లాస్మాలకు వైరస్ సాయం కూడా తప్పనిసరి కాదు. ఇవి సొంతంగానే జబ్బు చేయగలవు, వైరస్‌తో కలిస్తే ఇంకా ముదురుతాయి.

పేగుల్లో ఇదే పని పాన్‌ల్యూకోపీనియా వైరస్ చేస్తుంది. పేగు గోడను పాడుచేసి, తెల్ల రక్తకణాలనూ తగ్గిస్తుంది. పేగులోని బ్యాక్టీరియా రక్తంలోకి వచ్చినప్పుడు అడ్డుకునేవారు ఉండరు. దీని చికిత్స దారి వేరు కాబట్టి 9వ భాగంలో విడిగా చెబుతాను.

2. ముందే సిద్ధం చేసుకోవలసినవి

కూన జబ్బుపడ్డాక వెతుక్కుంటే గంటలు పోతాయి. ఇవి ఒక డబ్బాలో ఉంచుకోండి:

- గ్రాముల్లో చూపించే డిజిటల్ తూకం
- మొన మెత్తగా ఉండే డిజిటల్ థర్మామీటరు, రాయడానికి కాస్త పెట్రోలియం జెల్లీ
- 1, 3, 5 మిల్లీలీటర్ల సూది లేని సిరంజిలు
- కూనల కోసం తయారైన పాలపొడి, పాలపీక ఉన్న సీసా
- మెత్తని గాజుగుడ్డ ముక్కలు, ఏ మందూ కలపని సెలైన్ చుక్కలు
- గ్లూకోజు పొడి
- వేడినీళ్ల సంచి లేదా హీటింగ్ ప్యాడ్, చుట్టడానికి గుడ్డలు
- నోటుపుస్తకం

చివరిదాన్ని చిన్నచూపు చూడకండి. తేదీ, సమయం, బరువు, ఉష్ణోగ్రత, తిన్నది, విసర్జన, తుమ్ములు, కళ్ల స్థితి అని గళ్లు గీసుకోండి. మిశ్రమ ఇన్‌ఫెక్షన్‌ను పట్టించేది ఒక్కరోజు లక్షణం కాదు, అది రోజురోజుకూ మారిన తీరు. రెండు మూడు రోజులు మెరుగుపడి ఆపై మళ్లీ జ్వరం, చిక్కటి చీమిడి వచ్చాయంటే వైరస్ మీద బ్యాక్టీరియా వచ్చి చేరిందని అనుమానించాలి. రాసి పెట్టుకోకపోతే ఈ మలుపు మన కంట పడదు.

3. మొదటి పావుగంట: ప్రాణాపాయం ఉందా?

ఏ క్రిమి అన్నది తర్వాతి సంగతి. ముందు ఇవి చూడండి. ఒక్కటి కనిపించినా ఆగకుండా డాక్టరు దగ్గరకు బయలుదేరండి.

- నోరు తెరిచి ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం
- నెల దాటిన కూన నిద్రలో నిమిషానికి 40 సార్ల కంటే ఎక్కువ ఊపిరి తీయడం
- చిగుళ్లు నీలంగానో తెల్లగానో ఉండటం
- ఒళ్లు చల్లబడి, మెడ వాల్చేసి, పిలిచినా కదలకపోవడం
- వణుకు లేదా మూర్ఛ
- వాంతులు ఆగకపోవడం, విరేచనంలో రక్తం
- పాలు తాగే కూన రెండు పూటలు వరుసగా తాగకపోవడం, పెద్ద కూన రోజంతా తినకపోవడం
- కన్ను గట్టిగా మూసుకోవడం, నల్లగుడ్డు మసకబారడం, ఇంకా తెరుచుకోని రెప్పల కింద ఉబ్బు

చివరిది చాలామంది పట్టించుకోరు. పుట్టిన కూన కళ్లు సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య తెరుచుకుంటాయి. ఆలోపే రెప్ప ఉబ్బి, మూల నుంచి చీము బొట్టు వస్తుంటే లోపల ఇన్‌ఫెక్షన్ పేరుకుపోయిందని అర్థం. డాక్టరు రెప్పలను విడదీసి కడగాలి. ఇంట్లో గోటితో లాగవద్దు, అలాగని తెరుచుకునేదాకా చూద్దామని ఆగనూ వద్దు.

4. వేడి, చక్కెర, నీరు, ఆపై ఆహారం

ఈ వరుస తప్పడం వల్ల పోయే కూనలు క్రిమి వల్ల పోయే వాటికంటే తక్కువేమీ కాదని నా అభిప్రాయం. చల్లబడిన కూనను చూడగానే "పాపం ఆకలేసి ఉంటుంది" అని పాలు పట్టేస్తాం. అక్కడే దెబ్బ తగులుతుంది. ఒళ్లు చల్లబడితే పేగులు కదలవు. పాలు కడుపులోనే నిలిచిపోతాయి, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మొదట ఉష్ణోగ్రత చూడండి. మొదటి వారంలో 35 నుంచి 37 డిగ్రీల సెల్సియస్ మామూలే. నెల వయసుకు 38 దరికి వస్తుంది. ఆపై పెద్ద పిల్లుల్లాగే 38 నుంచి 39.2 మధ్య ఉండాలి. 39.4 దాటితే జ్వరం. నెల దాటిన కూనకు 37 ఉందంటే జ్వరం లేదని సంతోషించకండి, అది చల్లబడుతోంది.

35 కంటే తక్కువ ఉంటే నోటి ద్వారా ఆహారం ఇవ్వవద్దు. గుడ్డలో చుట్టి, వేడినీళ్ల సంచిని పక్కన పెట్టి, గంట నుంచి మూడు గంటల వ్యవధిలో మెల్లగా వేడెక్కించండి. సంచిని నేరుగా ఒంటికి తగిలించకండి. పెట్టెలో సగభాగమే వేడిగా ఉంచితే, వేడి ఎక్కువైనప్పుడు కూన పక్కకు జరుగుతుంది. ఇదంతా ఇంట్లో ఆగి చేయనక్కరలేదు, వెళ్లే దారిలోనే చేయవచ్చు.

సోలిపోయిన కూనకు రక్తంలో చక్కెర పడిపోయి ఉంటుంది. చిక్కగా కలిపిన గ్లూకోజు నీళ్లు ఒకటి రెండు చుక్కలు వేలితో చిగుళ్లకు రాయండి. గొంతులో పోయకండి.

ఒంట్లో నీరు తగ్గిందా అని చూడటానికి మెడ మీది చర్మం పట్టి లాగడం చిన్న కూనల్లో నమ్మదగిన పద్ధతి కాదు. చిగుళ్లను తాకి చూడండి. తడిగా జారుతుంటే మంచిదే, జిగటగా అంటుకుంటే నీరు తగ్గింది. పాలు తాగే కూన మూత్రం దాదాపు రంగు లేకుండా ఉండాలి, ముదురు పసుపు కనిపిస్తే తక్షణం పట్టించుకోవాలి. చర్మం కింద సెలైన్ ఎక్కించడం డాక్టరు చేసి చూపించి, మోతాదు రాసిచ్చాకే ఇంట్లో చేయండి. చల్లబడిన కూనలో ఆ నీరు ఒంటికి పట్టదు, చర్మం కింద సంచిలా వేలాడుతుంది.

5. లక్షణాలను చదవడం: ఏది ఎవరి పని?

లక్షణాలు చూసి క్రిమి పేరు ఖాయంగా చెప్పలేం. అయినా ఏ వైపు మొగ్గు ఉందో తెలుస్తుంది, డాక్టరుకు ఇవ్వాల్సిన సమాచారం ఇదే.

కళ్లు. హెర్పిస్ సోకితే కళ్లు ఎర్రబడి, నీరు కారి, నొప్పితో మూసుకుంటాయి. నల్లగుడ్డు మీద పుండు పడితే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. క్లమిడియా అయితే తరచూ ఒక కంటితో మొదలై కొద్ది రోజుల్లో రెండోదానికి పాకుతుంది. రెప్ప లోపలి గులాబి పొర ఉబ్బి, నీరు పట్టినట్టు బయటకు పొంగుతుంది. ముక్కు దాదాపు బాగానే ఉండి కళ్లు మాత్రమే ఇలా ఉన్నాయంటే క్లమిడియా గురించి తప్పక అడగండి.

ముక్కు. నీళ్లలా కారుతుంటే ఎక్కువగా వైరస్ దశ. చిక్కగా, పసుపుపచ్చగా మారితే బ్యాక్టీరియా చేరి ఉండవచ్చు. "ఉండవచ్చు" అనే అంటున్నాను. వైరస్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు చచ్చి కలిసినా చీమిడి రంగు మారుతుంది. రంగు ఒక్కటే చూసి యాంటీబయాటిక్ మొదలుపెట్టకూడదు. రంగుతోపాటు జ్వరం, నీరసం, తిండి మానడం ఉన్నాయా అన్నది చూడాలి.

నోరు. నాలుక అంచున, అంగిట్లో ఎర్రటి పుళ్లు, చొంగ కారడం కాలిసి వైరస్ గుర్తులు. కొన్ని కూనలు కీళ్ల నొప్పితో ఒకటి రెండు రోజులు కుంటుతాయి కూడా. పడిశం పట్టిన కూన కుంటితే ఎక్కడో పడిందేమో అని సరిపెట్టుకోకండి, డాక్టరుకు చెప్పండి.

ఛాతీ. దగ్గు పిల్లి కూనల పడిశంలో అంత మామూలు లక్షణం కాదు. దగ్గు వస్తోందంటే బోర్డెటెల్లా గానీ, జబ్బు ఊపిరితిత్తుల్లోకి దిగడం గానీ ఆలోచించాలి. చిన్న కూనల్లో ఇది గంటల్లో ముదురుతుంది.

పొట్ట. పడిశంతోపాటు విరేచనాలు ఉంటే నులిపురుగులు, కాక్సిడియా, జియార్డియా వంటి పేగు పరాన్నజీవులు కూడా లెక్కలోకి వస్తాయి. ఒంటి నిండా పిడుదులో గోమార్లో ఉంటే రక్తహీనత తోడవుతుంది. మిశ్రమ ఇన్‌ఫెక్షన్ అంటే వైరస్, బ్యాక్టీరియా ఇద్దరే ఆటగాళ్లు అనుకోకండి.

6. డాక్టరు దగ్గర: ఏ పరీక్ష ఏం చెబుతుంది

అన్ని పరీక్షలూ ప్రతి కూనకూ అక్కరలేదు. కానీ ఒకటి మాత్రం కన్ను మూసుకున్న ప్రతి కూనకూ చేయించండి: ఫ్లోరెసీన్ రంగు పరీక్ష. నారింజ రంగు కాగితపు కొసను తడిపి కంటిలో తాకిస్తారు, కడిగి నీలి కాంతిలో చూస్తారు. నల్లగుడ్డు నున్నగా ఉంటే రంగు జారిపోతుంది. పుండు ఉంటే అక్కడ ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆ మెరుపు సన్నని చెట్టుకొమ్మలా చీలికలు చీలికలుగా కనిపిస్తే అది హెర్పిస్ గుర్తు. కొద్ది నిమిషాల పని, కంటి మందు ఏది వేయవచ్చో ఏది వేయకూడదో దీంతోనే తేలుతుంది.

రక్త పరీక్షలో తెల్ల రక్తకణాల సంఖ్య చూస్తారు. బాగా పడిపోతే పాన్‌ల్యూకోపీనియా అనుమానం. పెరిగితే బ్యాక్టీరియా వైపు మొగ్గు.

మలం పరీక్షలో పరాన్నజీవులు బయటపడతాయి. కుక్కల్లో పార్వో వైరస్‌ను పట్టే కిట్‌తోనే పాన్‌ల్యూకోపీనియా కూడా చూస్తారు. ఈమధ్యే టీకా వేసి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి, టీకా వల్ల కూడా సన్నగా పాజిటివ్ గీత రావచ్చు. నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని తీర్మానించకూడదు.

క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షకు కంటి లోపల, గొంతులో స్వాబ్ తీస్తారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లోనూ హెర్పిస్, కాలిసి, మైకోప్లాస్మా దొరుకుతాయి, కాబట్టి పాజిటివ్ అంటే అదే దోషి అని కాదు. జబ్బు మొదట్లో, మందులు వేయకముందు తీసిన నమూనాకు విలువ ఎక్కువ. కూనలు గుంపుగా ఉండి ఒకదాని తర్వాత ఒకటి పడిపోతుంటే ఈ ఖర్చు దండగ కాదు.

ముక్కు చీమిడిని కల్చర్‌కు (ల్యాబులో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు) పంపడం వల్ల సాధారణంగా ఒరిగేది తక్కువ. అక్కడ మామూలుగా ఉండే బ్యాక్టీరియానే పెరుగుతుంది. ఊపిరితిత్తుల అనుమానం ఉంటే ఎక్స్‌రే తీయించడం మేలు.

ఫెలైన్ లుకేమియా, పిల్లుల ఎయిడ్స్ వైరస్ పరీక్షలు కూడా చేయించండి. మాటిమాటికీ తిరగబెట్టే కూనల్లో వెనక ఇవి ఉండవచ్చు. ఆరు నెలల లోపు కూనకు ఎయిడ్స్ యాంటీబాడీ పాజిటివ్ వస్తే కంగారుపడకండి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కూడా అలా చూపిస్తాయి, ఆరు నెలలు దాటాక మళ్లీ చేయించాలి.

7. యాంటీబయాటిక్: ఎప్పుడు, ఏది, ఎలా

2017లో వెలువడిన అంతర్జాతీయ పశువైద్య మార్గదర్శకాల సారం ఇది. పడిశం ఉన్నా పిల్లి హుషారుగా తిరుగుతూ, తింటూ, జ్వరం లేకుండా ఉంటే పది రోజుల వరకు యాంటీబయాటిక్ లేకుండా గమనించవచ్చు. చిక్కటి చీమిడికి జ్వరం, నీరసం, తిండి మానడం తోడైతే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. అయితే నా మాట ఒకటి: రెండు నెలల లోపు కూన విషయంలో ఆ గమనించే పని డాక్టరు ఒకసారి చూశాకే జరగాలి. వాటికి నిల్వ బలం ఉండదు.

మొదట ఎంచుకునేది తరచూ డాక్సీసైక్లిన్. కారణం ఉంది. మైకోప్లాస్మాకు కణగోడ ఉండదు, క్లమిడియా పిల్లి ఒంటి కణాల లోపల దాక్కుంటుంది. కణగోడను దెబ్బతీసే అమాక్సిసిలిన్ మైకోప్లాస్మా మీద అసలు పనిచేయదు. "అమాక్సిసిలిన్ వేసినా తగ్గలేదు" అనే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండేది ఇదే. సాధారణ పడిశానికి ఏడు నుంచి పది రోజులు వాడతారు. క్లమిడియా అని తేలితే నాలుగు వారాలు, అదీ ఒకేచోట ఉండే పిల్లులన్నింటికీ కలిపి. కళ్లు వారంలోనే తేటపడతాయి, అక్కడ ఆపేస్తే మళ్లీ వస్తుంది.

ఇచ్చే పద్ధతి:

- డాక్సీసైక్లిన్ మాత్రను పొడిగా మింగించకండి. అది గొంతు గొట్టంలో ఇరుక్కుంటే అక్కడ పుండు పడి, మానేటప్పుడు గొట్టం ముడుచుకుపోతుంది. వెంటనే ఐదారు మిల్లీలీటర్ల నీరు నెమ్మదిగా పట్టండి. చిన్న కూనలకు ద్రవ రూపమే అడగండి.
- పాలలో కలపకండి. కాల్షియంతో కలిస్తే మందు ఒంటికి సరిగా పట్టదు.
- మోతాదును మిల్లీగ్రాముల్లో కాక, మీ సీసాకు ఎన్ని మిల్లీలీటర్లో రాయించుకోండి. ఒకే మందు వేర్వేరు సీసాల్లో వేర్వేరు గాఢతతో ఉంటుంది.
- కూన బరువు వారంలోనే మారిపోతుంది. కోర్సు మధ్యలో మోతాదు మళ్లీ లెక్క కట్టించండి.
- 48 నుంచి 72 గంటల్లో జ్వరం, ఆకలి మెరుగుపడకపోతే ఫోను చేయండి. మందు మీరే మార్చకండి.

ఎన్రోఫ్లోక్సాసిన్ గురించి ఒక హెచ్చరిక. కుక్కల మోతాదు అలవాటులో పిల్లికి ఈ యాంటీబయాటిక్ ఎక్కువ వేస్తే రెటీనా (కంటి లోపలి తెర) దెబ్బతిని శాశ్వతంగా చూపు పోవచ్చు. ఎవరో మిగిల్చి ఇచ్చిన మందు కూన నోట్లో పోయకండి.

8. వైరస్ మీద నేరుగా పనిచేసేవి

కాలిసి వైరస్‌కు రోజువారీ వాడుకలో నేరుగా పనిచేసే మందు లేదు. నోటిపుండ్ల నొప్పి తగ్గించడం, తినిపించడమే దాని చికిత్స. నొప్పి మందు డాక్టరు మాత్రమే ఇవ్వాలి.

హెర్పిస్‌కు ఫామ్‌సైక్లోవిర్ ఉంది, కళ్లు బాగా దెబ్బతిన్నప్పుడు ఇస్తారు. కంటిలో వేసే యాంటీవైరల్ చుక్కలూ ఉన్నాయి. పుండు మీద బ్యాక్టీరియా చేరకుండా యాంటీబయాటిక్ కంటి మందు కూడా రాస్తారు. రెండూ ఉన్నప్పుడు ఒకదానికీ మరొకదానికీ మధ్య ఐదు నిమిషాలు విరామం ఇవ్వండి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. చుక్కలు ముందు, ఆయింట్‌మెంటు తర్వాత.

మనుషుల అసైక్లోవిర్ మాత్రలు పిల్లులకు విషతుల్యం. స్టెరాయిడ్ కలిసిన కంటి చుక్కలు హెర్పిస్ పుండును లోతుచేస్తాయి, కన్నే పోవచ్చు. ఇంట్లో ఉన్న చుక్కల సీసా మీద పేరు చదివి, అందులో స్టెరాయిడ్ ఉందో లేదో తెలుసుకోకుండా చేయి వేయకండి. లైసిన్ పొడి చాలాకాలం వాడుకలో ఉంది కానీ, అది పనిచేస్తుందనడానికి పరిశోధనల్లో తగిన ఆధారం దొరకలేదు. దానిమీద పెట్టే డబ్బు మంచి ఆహారం మీద పెట్టండి.

9. పొట్ట దారి: పాన్‌ల్యూకోపీనియా

ముందు జ్వరం, మబ్బుగా ఉండటం. తర్వాత వాంతులు. విరేచనాలు రావచ్చు, రాకపోవచ్చు. నీళ్ల గిన్నె దగ్గర తల వాల్చి కూర్చుని, తాగలేక అలాగే ఉండిపోయే కూనను చూస్తే ఇంకేమీ ఆలోచించకండి. కొన్ని కూనలు ఒక్క రోజులోనే పోతాయి.

ఇది ఇంటి వైద్యానికి లొంగేది కాదు. ఆసుపత్రిలో నరంలోకి ద్రవాలు, వాంతులు ఆపే మందు, చక్కెర, పొటాషియం సరిచేయడం, ఇంజెక్షన్ రూపంలో విస్తృతంగా పనిచేసే యాంటీబయాటిక్‌లు కావాలి. ఇక్కడ యాంటీబయాటిక్ వైరస్ కోసం కాదు, దెబ్బతిన్న పేగు నుంచి రక్తంలోకి దూరే బ్యాక్టీరియా కోసం. నోటి మందు ఎందుకు చాలదంటే, వాంతి చేసే కూన పేగు దాన్ని పీల్చుకోలేదు.

వాంతులు అదుపులోకి రాగానే కొద్దికొద్దిగా తినిపించడం మొదలుపెట్టాలి. పేగును రోజుల తరబడి ఖాళీగా ఉంచే పాత పద్ధతి మేలు చేయదు. మొదటి ఐదు రోజులు గట్టెక్కితే ఆశ బాగా పెరుగుతుంది.

10. ఇంటి సేవ: ఒక పూట వరుస

వాసన తెలియకపోతే పిల్లి తినదు. ముక్కు దిబ్బడ పడ్డ కూన ముందు ఎంత మంచి ఆహారం పెట్టినా లాభం లేదు. కాబట్టి ముందు ముక్కు, తర్వాత కళ్లు, ఆపై తిండి, చివరికి మందు (ఖాళీ కడుపున వేయమని డాక్టరు చెప్పకపోతే).

తూకం. తిండికి ముందు, రోజూ అదే వేళల్లో రెండుసార్లు. పాలు తాగే కూన రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. ఒక రోజు పెరగకపోతే జాగ్రత్తపడాలి, తగ్గితే డాక్టరుకు చెప్పాలి.

ఆవిరి. స్నానాలగదిలో వేడినీళ్లు వదిలి తలుపు మూసి, కూనను ఒళ్లో పెట్టుకుని పది పదిహేను నిమిషాలు కూర్చోండి. మరిగే గిన్నె దగ్గరకు తీసుకెళ్లవద్దు. ఆ నీళ్లలో కర్పూరం, యూకలిప్టస్ తైలం వంటివేమీ కలపవద్దు, పిల్లులకు అవి హానికరం. తర్వాత ఒక్కో నాసిక రంధ్రంలో ఒక చుక్క సెలైన్ వేసి, మెత్తబడిన చీమిడిని తుడవండి.

కళ్లు. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గాజుగుడ్డను మూసుకున్న రెప్ప మీద అర నిమిషం ఆనించి ఉంచండి. ఎండిన పుసి నానుతుంది. ముక్కు వైపు మూల నుంచి బయటికి ఒకే తుడుపు. ఆ ముక్క పారేసి ఇంకో తుడుపుకు కొత్తది తీసుకోండి, రెండో కంటికి మొదటి కంటి ముక్క తగలకూడదు. పుసి రాలకపోతే మళ్లీ నానబెట్టండి. గీకితే వెంట్రుకలతోపాటు చర్మమూ ఊడుతుంది.

తిండి. ఒంటి వేడికి దగ్గరగా వెచ్చజేసి పెడితే వాసన లేస్తుంది. పాలు పట్టేటప్పుడు కూనను బోర్లా, నాలుగు కాళ్లూ కింద ఆనేలా ఉంచి తల కొద్దిగా మాత్రమే ఎత్తండి. పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి దారి చూసుకుంటాయి. సిరంజితో పట్టాల్సి వస్తే బుగ్గ పక్క నుంచి కొద్దిగా వదిలి, గుటక పడేదాకా ఆగండి. ముక్కు నుంచి పాలు వస్తే వెంటనే ఆపండి. గుటక వేయలేని కూనకు బలవంతంగా పోయవద్దు, అప్పుడు కావలసింది డాక్టరు వేసే గొట్టం.

11. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

జ్వరానికి పారాసిటమాల్ వేయడం. దీనికి విరుగుడు చెప్పడం కంటే అసలు చేయవద్దనడమే సరి. పిల్లి కాలేయం దాన్ని విరిచి బయటికి పంపలేదు, రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి చేరుతుంది. చిన్న ముక్కతోనే ప్రాణం పోవచ్చు. ఐబుప్రొఫెన్ కూడా అంతే. ఎవరైనా వేసేశారా? లక్షణాల కోసం ఆగకుండా మాత్ర రేపరుతో సహా డాక్టరు దగ్గరకు పరుగెత్తండి.

ఆవుపాలు పట్టడం. విరేచనాలు పట్టుకుని, ఒంట్లో ఉన్న నీరు కూడా పోతుంది. కూనల పాలపొడి కలిపి పట్టండి.

పిడుదుల కోసం కుక్కల మందు రాయడం. పెర్మెత్రిన్ పిల్లులకు విషం. జబ్బు కూనకు పురుగులు ఎక్కువ ఉంటే సన్నపళ్ల దువ్వెనతో ఏరండి. మందు కావాలా అన్నది బరువు, వయసు చెప్పి డాక్టరును అడగండి.

కాస్త హుషారు రాగానే మందు ఆపడం, తగ్గలేదని రెండో రోజే మార్చడం. వైరస్ భాగం తగ్గడానికి సాధారణంగా వారం నుంచి రెండు మూడు వారాలు పడుతుంది. యాంటీబయాటిక్ పనిచేస్తున్నదీ లేనిదీ తుమ్ములతో కొలవకండి. జ్వరం, ఆకలి, బరువుతో కొలవండి.

జబ్బు కూనకు ఆ వారమే స్నానం చేయించడం. మురికి ఉన్నచోట మాత్రం తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరబెట్టండి.

12. వేరుగా ఉంచడం, శుభ్రం చేయడం

విడి గది, విడి గిన్నెలు, విడి లిట్టర్ ట్రే, విడి చొక్కా. ముందు ఆరోగ్యంగా ఉన్నవాటికి, చివర్లో జబ్బు కూనలకు సేవ చేయండి. మధ్యలో సబ్బుతో చేతులు కడగండి. కాలిసి, పాన్‌ల్యూకోపీనియా వైరస్‌ల మీద ఆల్కహాల్ శానిటైజర్‌ను నమ్ముకోవద్దు.

హెర్పిస్ బయట ఒక రోజు కూడా బతకదు. కాలిసి రోజుల నుంచి వారాల దాకా ఉంటుంది. పాన్‌ల్యూకోపీనియా వైరస్ ఏడాది వరకూ ఉండగలదు. దీనికి బ్లీచ్ వాడాలి: 5 నుంచి 6 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం లీటరు నీటికి సుమారు 30 మిల్లీలీటర్లు. ముందు మురికి, మూత్రం సబ్బునీళ్లతో పూర్తిగా కడిగేయండి. మురికి మీద బ్లీచ్ పనిచేయదు, పైగా మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే విషవాయువు వస్తుంది. పోసి పది నిమిషాలు తడిగా ఉంచి, నీళ్లతో కడిగి, ఆరాకే కూనను వదలండి. ఫినాయిల్ జాతి ద్రావణాలు పిల్లులున్న చోట వాడకూడదు.

క్లమిడియా, బోర్డెటెల్లా అరుదుగా మనుషులకూ సోకవచ్చు. ఇంట్లో రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవారు ఈ సేవకు దూరంగా ఉండాలి.

13. కోలుకున్నాక

వేరుగదిలోంచి బయటికి తేవడానికి చూడవలసినవి: జ్వరం లేదు, సొంతంగా తింటోంది, వారంగా బరువు పెరుగుతోంది, కళ్లు రెండూ పూర్తిగా తెరిచి ఉన్నాయి, యాంటీబయాటిక్ కోర్సు ముగిసింది. కంటిపుండు ఉన్న కూనకు రంగు పరీక్ష మళ్లీ చేయించి, పుండు మానిందని తేలేదాకా చుక్కలు ఆపకండి. పాన్‌ల్యూకోపీనియా వచ్చిన కూన మరికొన్ని వారాలు వైరస్‌ను వదులుతూ ఉండవచ్చు, టీకాలు పూర్తికాని కూనలతో కలపవద్దు.

హెర్పిస్ ఒకసారి సోకితే చాలా పిల్లుల్లో నరాల్లో దాగి ఉండిపోతుంది. ఇల్లు మారినా, ఆపరేషన్ జరిగినా, కొత్త పిల్లి వచ్చినా తుమ్ములు తిరిగి రావచ్చు. కొన్నింటికి ముక్కు లోపలి సన్నని ఎముకలు దెబ్బతిని, ముక్కు దిబ్బడ జీవితాంతం ఉంటుంది. అలాంటి పిల్లికి తుమ్ము వచ్చిన ప్రతిసారీ యాంటీబయాటిక్ వేయకండి. 7వ భాగంలో చెప్పిన జ్వరం, నీరసం, తిండి మానడం అన్న మూడు గుర్తులే మళ్లీ కొలమానం.

ఒక జబ్బు వచ్చి పోయినంత మాత్రాన మిగతావాటి నుంచి రక్షణ రాదు. డాక్టరు సరేననగానే హెర్పిస్, కాలిసి, పాన్‌ల్యూకోపీనియా మూడు వైరస్‌లకూ కలిపి ఉండే టీకా మొదలుపెట్టండి: ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, ప్రతి మూడు నాలుగు వారాలకు ఒకసారి, కనీసం పదహారు వారాలు నిండేదాకా. పన్నెండు వారాలకే ఆపేస్తే, తల్లి ఇచ్చిన యాంటీబాడీలు ఇంకా మిగిలి ఉన్న కూనల్లో టీకా పట్టకుండా పోవచ్చు.